ముగ్గురికి ఒకే గది

మేము మలేషియా వెళ్ళొచ్చి ఏడాది దాటింది. ఇప్పటికీ మిర్యాలగూడలో ఎవరు ఎదురుపడినా కౌలాలంపూర్‌లోని ఆ జంట టవర్ల గురించే అడుగుతారు. నేనూ వాళ్ళు వినాలనుకున్నదే చెప్తాను. చాలా ఎత్తుగా ఉన్నాయి, చూస్తుంటే మెడ పట్టేసింది, దీపాలు పెట్టాక ఇంకా బాగుంటాయి. నిజానికి ఆ టవర్లు నాకంతగా గుర్తు లేవు. నాకు గుర్తున్నదల్లా, బయల్దేరే ముందు మా ఇంట్లో నెల రోజులపాటు నడిచిన హోటల్ వెతుకులాట. ఆ నెలలో ఆడినన్ని అబద్ధాలు పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో నేనెప్పుడూ ఆడలేదు.

అసలు మాకు పాస్‌పోర్టులు ఉండడమే ఒక నవ్వులాట. ఆ ప్రయాణానికి ఎనిమిదేళ్ళ ముందు నేపాల్ యాత్రకని నలుగురం పనిగట్టుకుని హైదరాబాద్ వెళ్ళి తీయించుకున్నాం. మా ఆయన, నేను, సూర్యాపేటలో ఉండే మా వదిన, ఆమె భర్త. తీరా సరిహద్దు దాకా వెళ్తే వాటిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఓటరు కార్డు చాలట. ఆ తర్వాత అవి బీరువాలో పట్టుచీరల కింద పడి ఉన్నాయి. ఈలోగా వదిన భర్త పోయారు, మిగిలిన మూడు పాస్‌పోర్టుల గడువు రెండేళ్ళలోకి వచ్చింది. కోదాడలో ఉండే మా చెల్లెలు ఒకసారి టూరు వాళ్ళ వెంట మలేషియా వెళ్ళొచ్చింది. ఆ ఒక్క ప్రయాణంతోనే దానికి ప్రపంచమంతా తెలిసిపోయింది. ఒక్క ముద్ర కూడా పడకుండా ఆ పుస్తకాలు ముసలివైపోతున్నాయని అది మా ఆయనను ఫోన్లో ఆటపట్టించింది. ఆయన బియ్యం కమీషన్ వ్యాపారి. డబ్బు పెట్టి తెచ్చిన వస్తువు వాడకుండా మూలపడితే ఆయనకు నిద్ర పట్టదు. వారం తిరక్కుండా ముగ్గురికీ విమానం టిక్కెట్లు తీశారు.

ముగ్గురంటే ఆయన, నేను, వదిన. వదిన మా ఆయనకు అక్క, పదేళ్ళు పెద్దది. ఆయనను చంకన వేసుకుని తిప్పిన మనిషి. అక్క లేకుండా ఆయన ఏ ప్రయాణమూ పెట్టుకోరు, భర్త పోయాక అసలే పెట్టుకోరు. నాకూ ఆమె అంటే ఇష్టమే. నోరు మంచిది, నవ్విస్తుంది, బస్సులో కిటికీ సీటు నాకే ఇస్తుంది. ఇది ముందే చెప్తున్నాను, తర్వాత నేను చేసిన పనులు చూసి మా ఇద్దరికీ పడదనుకుంటారేమోనని.

మా ఇంట్లో హోటల్ అంటే ఎవరికీ తెలియదు. అది గొప్పా కాదు, తక్కువా కాదు, అలవాటు. ఏ క్షేత్రానికి వెళ్ళినా అక్కడ మా కులం వాళ్ళ సత్రం ఒకటి ఉంటుంది. కాశీ అయినా, రామేశ్వరం అయినా, రైలు దిగగానే ఆటో అతనికి చెప్పేది సత్రం పేరే. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, నెయ్యి, పడుకోవడానికి పెద్ద హాలు. ఆడవాళ్ళు ఇటు, మగవాళ్ళు అటు. పెళ్ళయిన నెలకు మా ఇద్దరినీ తిరుపతి తీసుకెళ్ళారు. ఇద్దరినీ అంటే పదకొండు మందితో కలిపి. కొత్త పెళ్ళికూతుర్ని నేను మూడు రాత్రులు అత్తగారి మేనత్త పక్కన పడుకున్నాను. ఆవిడ నిద్రలో కూడా కోడళ్ళను తిట్టేది. మా ఆయన హాలు అవతలి వైపు ఎక్కడో ఉన్నారని ఆయన దగ్గు విని తెలుసుకునేదాన్ని.

ఇంట్లో మాత్రం ఏం వెలిగిపోయింది? కింద దుకాణం, పైన ఇల్లు. పై డాబా మీదికి వెళ్ళే మెట్లు మా పడకగదిలోంచే. వడియాలు ఎండబెట్టాలన్నా, ట్యాంకులో నీళ్ళు చూడాలన్నా, పండగకు ఊళ్ళో పటాకులు కాలుస్తుంటే చూడాలన్నా చుట్టాలకూ, దుకాణం పనివాళ్ళకూ, ఇరుగుపొరుగుకూ మా గదే దారి. తలుపుకు గడియ ఉంది కానీ దానికి పని తక్కువ. మీకు ఇద్దరు పిల్లలు ఎట్లా పుట్టారో దేవుడికే తెలియాలి అని మా చెల్లెలు ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఆ పిల్లలిద్దరూ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మెట్లు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి.

అందుకే టిక్కెట్లు తీశామని ఆయన చెప్పిన రోజు నా మనసులోకి టవర్లూ రాలేదు, విమానమూ రాలేదు. ఐదు రోజులు ఒక గది. లోపల ఆయన, నేను. తలుపు వేస్తే ఎవరూ తట్టరు. నాకు కావలసింది అదొక్కటే. ఆయన ఊరందరితో మాట్లాడతారు. మిల్లువాళ్ళతో, లారీ డ్రైవర్లతో, దారిన పోయే వాళ్ళతో గంటలు గంటలు. నాతో మాట్లాడేది తాళాలెక్కడ, చారులో ఉప్పు తక్కువ, అంతే. తప్పు ఆయనదీ కాదు. మాట మొదలుపెట్టేలోపు ఎవరో ఒకరు మెట్లెక్కుతూ ఉంటారు. యాభై ఏళ్ళు దాటాక మొగుడితో కూర్చుని మాట్లాడాలని ఉందని ఎవరికి చెప్పుకుంటాం? పైగా నేను ఆ గది అడగడమంటే వదినను వేరే గదిలో పెట్టమనడమే. భర్త పోయిన ఆడమనిషిని పరాయి దేశంలో ఒంటరిగా పడుకోబెట్టమని ఏ నోటితో అడగను?

ఒక్కసారి అడిగి చూశాను. ఏదో గాలివాటంగా అన్నట్టు, రెండు రూములు తీసుకుంటే ఎట్లుంటదని. ఆయన ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

"ముగ్గురికి రెండు రూములెందుకు? అక్క ఒక్కతే గాడ ఎట్ల పంటది? ఇన్నేండ్లు సత్రంల పండలేదా మనం?"

ఇగ నేను నోరు మూసుకున్నాను. ఆయన మాత్రం హోటల్ వెతకడం మొదలుపెట్టారు, అదీ బియ్యం కొన్న పద్ధతిలో. బియ్యం కొనేటప్పుడు బస్తా మూతి దగ్గర కనపడే గింజలను ఆయన లెక్కలోకి తీసుకోరు. ఇనుప గొట్టం బస్తా అడుగున గుచ్చి, వచ్చిన గింజలు అరచేతిలో పోసుకుని, నూక ఎంతుంది, రంగెట్లుంది అని చూస్తారు. యాప్‌లో హోటల్ వాళ్ళు పెట్టిన ఫొటోలన్నీ ఆయన దృష్టిలో బస్తా మూతి గింజలే. వాటిని పక్కకు తోసేసి, ఆ హోటల్‌ను తిట్టినవాళ్ళు ఏం రాశారో అడుగు నుంచి పైకి చదువుకుంటూ వచ్చేవారు. ఇంగ్లీషు అర్థం కాని చోట ఫోనే తెలుగు చేసి పెట్టేది. ఒకాయన దిండు గట్టిగా ఉందని ఒక పేజీ ఏడ్చాడు. మా ఆయనకు ఆ హోటల్ వెంటనే నచ్చింది. దిండు గురించి అంత ఏడ్చాడంటే గదిలో వాడికి ఇంకో తప్పు దొరకలేదన్నమాట అని ఆయన లెక్క. నాకూ నిజమే అనిపించింది.

మరీ చవకది వద్దు, మరీ ఖరీదైనదీ వద్దు, నడిమి రకం కావాలని మొదటే తేల్చేశారు. చెల్లెలు కోదాడ నుంచి రోజూ ఫోన్లో సలహాలు పంపేది. రైలు స్టేషన్ నడిచేంత దూరంలో ఉండాలి, పొద్దున టిఫిను వాళ్ళే పెట్టాలి, కింద మన తిండి దొరకాలి. ఒకరోజు గొంతు తగ్గించి మరీ చెప్పింది. "అక్కా, అక్కడ కిటికీ లేని గదులు కూడా ఇస్తారు, చూసుకోండి. మేము రెండు రోజులు పగలో రాత్రో తెలీకుండా ఉన్నాం." ఆయనకు ఆ మాట చెప్తే నమ్మలేదు. కిటికీ లేకుండా గది కట్టడానికి అదేమన్నా గోడౌనా అన్నారు. తర్వాత యాప్‌లో వెతికితే నిజంగానే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ హోటలైనా కంటితో చూడందే డబ్బు కట్టేది లేదన్నారు.

కంటితో చూడడమంటే మళ్ళీ బియ్యం పద్ధతే. దుకాణంలో కూర్చుని ఒక హోటల్‌కు వీడియో కాల్ చేశారు. అక్కడ కౌంటర్లో ఉన్న అమ్మాయి పాపం మంచిది. ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళి అన్నీ చూపించింది. ఈయనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో కుళాయి తిప్పమన్నారు, వేడినీళ్ళు వచ్చేదాకా ఆగమన్నారు, దుప్పటి కొస ఎత్తి కింద పరుపు చూపించమన్నారు. ఆ అమ్మాయి అన్నీ చేసింది. ఈయన వెనక ఇద్దరు హమాలీలు, లోడు కోసం వచ్చిన లారీ డ్రైవరూ మెడలు చాచి చూస్తున్నారు. బాత్రూము బాగుందని డ్రైవర్ తీర్పు చెప్పాడు. చివర్లో ఈయన ఆఖరి రేటు ఎంతని అడిగారు. యాప్‌లో ఉన్నదే రేటని ఆ అమ్మాయి నవ్వింది. ఈయనకు ఆ నవ్వు నచ్చలేదు. బేరం లేని చోట సరుకు కొనడం ఆయనకు అవమానం.

నా పని అప్పుడు మొదలైంది. ఆయన ఏ హోటల్ తెచ్చినా అది ముగ్గురికి ఒకే గదే కాబట్టి, ఏదో ఒక వంక పెట్టి చెడగొట్టడం. మొదటిదానికి లిఫ్ట్ ఇరుకు, వదినకు ఊపిరాడదన్నాను. లిఫ్ట్ ఫొటో అందులో లేనే లేదు. రెండోదానికి స్నానాలగదిలో తొట్టి ఉంది, మోకాళ్ళ నొప్పితో వదిన దాన్ని దాటలేదన్నాను. మూడోదాని పక్కనే చేపల మార్కెట్ ఉందని ఎవరో రాశారన్నాను. ఎవరూ రాయలేదు. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు కాబట్టి ఆ హోటల్ ఆ క్షణమే ఖతం. ప్రతి అబద్ధమూ వదిన పేరు మీదే ఆడాను, అది ఇంకా సిగ్గుచేటు.

విచిత్రమేమిటంటే ఆయనకు నా మీద అనుమానం రాలేదు సరికదా గౌరవం పెరిగింది. నీకింత పరిశీలన ఉందని నాకు తెలియదే, దుకాణంలో కూర్చోబెట్టాల్సిందన్నారు. ఇన్నేళ్ళకు ఆయన నోట నేను విన్న పెద్ద మెచ్చుకోలు అదే, అదీ అబద్ధాలకు. సాయంత్రాలు ఒకే ఫోన్ మీదికి ఇద్దరం వంగి కూర్చునేవాళ్ళం. ఐదు నిమిషాలు గడిచాయో లేదో ఎవరో ఒకరు మెట్ల కోసం వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఊరికే పోకుండా తామూ ఒక హోటల్ చూసి పోయేవారు.

నాలుగో వారంలో నా అబద్ధాలకు అందనిది ఒకటి ఆయనకు దొరికింది. మూడు మంచాలు, పెద్ద కిటికీ, రెండు లిఫ్టులు, తొట్టి లేదు, కిందే శాకాహార భోజనం. తిట్టినవాళ్ళలో ఒకడు వైఫై మీద, ఇంకొకడు వాన మీద తిట్టాడు. ఆయన నన్ను అడక్కుండానే బుక్ చేసేసి, మిఠాయి పొట్లంతో పైకి వచ్చారు. వద్దనుకుంటే పది రోజుల దాకా రద్దు చేసుకోవచ్చట. బాగుందన్నాను. వంటింట్లోకి వెళ్ళి ఆ కోపంలో పోపు పెట్టాను. మిరపకాయలు మాడి ఇంటిల్లిపాదీ, కింద హమాలీలతో సహా, దగ్గారు.

రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. వదిన నోటితోనే ఆ గది వద్దనిపించాలి. తమ్ముడి గురక ఈ మధ్య భరించలేనంత అయిందని, పక్క మంచంలో పడుకుంటే ఆమెకు నిద్ర ఉండదని చెప్పాలి. చీర అంచు కుట్టించాలన్న నెపంతో పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కాను. నేరేడుచర్ల దాటేదాకా మనసులో గురక కథను సాపు చేసుకుంటూనే ఉన్నాను. దారి పొడుగునా పొలాల్లో నాట్లు పడుతున్నాయి. నేను మాత్రం గురక ఎన్ని రకాలుగా ఉంటుందో ఆలోచిస్తున్నాను.

వదిన కొడుకు ఇంట్లో ఉంటుంది. రెండు పడకగదుల ఇల్లు. ఒకటి కొడుకూ కోడలిది, ఒకటి చదువుకునే మనవలది, వదిన హాల్లో దివాన్ మీద పడుకుంటుంది. నేను వెళ్ళేసరికి ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. టీ పెట్టింది. నేను టీ సగం తాగి గురక కథ ఎత్తుకున్నాను. పూర్తి కాకముందే ఆమె నవ్వేసింది. వాడు ఆరో ఏటి నుంచే గురక పెడతాడు, నా ఒళ్ళో పండినోడే కదా అంది. నా రెండు రోజుల తెలివి టీ కప్పులో కలిసిపోయింది. తర్వాత ఆమె ఖాళీ కప్పులు రెండూ దగ్గరికి జరిపి, తలుపు వైపు ఒకసారి చూసి, నా చేయి పట్టుకుంది.

"పిల్లా, ఒకటడుగుత, నవ్వొద్దు. గాడ నాకొక్కదానికి వేరే రూమ్ దొరుకుతదా? పైసలు నేనే పెట్టుకుంట."

ఆమే చెప్పుకుంటూ పోయింది.

"పుట్టినసంది నేనొక్కదాన్నే ఒక గదిల పండలే. చిన్నప్పుడు చెల్లెండ్ల నడుమ, అత్తగారింట్ల తోటికోడండ్ల నడుమ, తర్వాత మీ అన్నయ్య పక్కన. ఇప్పుడు హాల్ల. వీళ్లు మంచిగనే సూస్తరు, నాకేం తక్కువ లేదు. గని టీవీ బందయితెనే నాకు పండుకునే యాళ్ల. ఒక్కసారన్న నాకు బుద్ధి పుట్టినప్పుడు లైటు తీసి, గొళ్లెం పెట్టుకొని పండాలె. తమ్మునికి చెప్తె నొచ్చుకుంటడని నోరు ఎత్తుతలేను."

నాకు సిగ్గేసింది. నెల రోజులుగా ఆమె మోకాలు, ఆమె ఊపిరి అడ్డం పెట్టుకుని నా గది కోసం నేను తంటాలు పడ్డాను. ఆమెను తీసుకెళ్ళాల్సిన బాధ్యతగా చూశాను, జాలిపడ్డాను, అడ్డమనుకున్నాను. ఆమెకూ ఒక గది కావాలని ఒక్కసారి కూడా తోచలేదు. మాకు దాదాపు ముప్పై ఏళ్ళ పరిచయం, ఏ యాత్రకు వెళ్ళినా సత్రంలో పక్కపక్కన పడుకున్నవాళ్ళమే. ఆమెను కావలించుకుని ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను కూడా. ఎందుకో ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు. బస్సెక్కించేటప్పుడు మాత్రం, నా మాటగనే చెప్పు, నువ్వేం మీదేసుకోకు అంది.

తిరుగు బస్సులో నాకు ప్రాణం తేలికైంది. ఇంకేం, పని అయిపోయినట్టే. వదిన అడిగిందని చెప్తే చాలు, నా నోటితో ఒక్క ముక్క అనకుండానే నాకు కావలసింది దక్కుతుంది. సాయంత్రం బస్టాండుకు ఆయన స్కూటర్ మీద వచ్చారు. వెనక కూర్చుని, మిల్లుల మధ్య నుంచి వస్తుంటే, ఆయన వీపుకే ఆ మాట చెప్పాను. అక్కకు వేరే గది కావాలట, ఒక్కతే పడుకుంటుందట అని.

ఆయన స్కూటర్ పక్కకు తీసి ఆపారు. ఉడకబెట్టిన వడ్ల వాసన గాలంతా నిండి ఉంది. హ్యాండిల్ వదలకుండానే అడిగారు.

"నేనేమన్న తక్కువ చేసిన్నా? మనతోని ఉండ బుద్ధి అయితలేదా అక్కకు?"

అక్క మాట అంటే ఆయన చిన్నపిల్లవాడు. అప్పుడు నేను ఊరుకుంటే ఆయన మలేషియా పోయి వచ్చేదాకా ఆ ముల్లు లోపల పెట్టుకునే తిరుగుతారు, నింద వదిన మీద పడుతుంది. నా కోరిక కూడా ఆమె నెత్తినే వేసి నేను చల్లగా కూర్చోవాలా? ఆయన వీపు చూస్తూనే అన్నాను.

"అక్కకు మీ మీద ఏం లేదు. ఆమెకు ఒక గది కావాలె, అంతే. నాక్కూడ కావాలె. మన ఇద్దరికి ఒకటి."

ఆయన వెనక్కి తిరిగి చూశారు. లిఫ్ట్, తొట్టి, చేపల మార్కెట్ అన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు అర్థమవుతున్నట్టు ముఖంలో తెలుస్తూనే ఉంది. తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. జేబులోంచి ఫోను తీసి, ఆ రోడ్డు పక్కనే, ఆ మూడు మంచాల గదిని రద్దు చేశారు. అదే హోటల్‌లో రెండు గదులు చూశారు. రెండింటికీ కిటికీ ఉందో లేదో నన్ను చూడమన్నారు. ఉన్నాయి. ఈసారి బేరమాడలేదు, అడుగు నుంచి చదవలేదు. ఫోను జేబులో పెట్టుకుని, నా వైపు చూడకుండా అన్నారు.

"గీ మాట ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న చెప్పొచ్చు గద."

"చెప్పనీకి మనిద్దరమే ఎన్నడున్నం?"

ఆయన స్కూటర్ స్టార్ట్ చేశారు. మెల్లగా పోనిచ్చారు. లారీలు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోతున్నాయి. మా ఇంటి మలుపు వచ్చింది. ఆయన తిప్పలేదు, తిన్నగా కాలువ రోడ్డు పట్టారు. నేనూ మలుపు దాటిపోయామని చెప్పలేదు.